మొదటి పేజీలోనే మోసపోయాను

హంతకుడెవరో ముందే చెప్పేస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అయినా ఈ వ్యాసంలో చెప్పక తప్పదు. నవల వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. ఎనిమిది కోట్ల కాపీలకి పైగా అమ్ముడుపోయింది. సినిమా కూడా వచ్చి వెళ్ళిపోయింది. ఇంకా చదవనివాళ్ళు ఎవరైనా మిగిలివుంటే ఈ పేజీ తిప్పేసి తారల ముచ్చట్లు చదువుకోవచ్చు. నేనేమీ అనుకోను.

నేను చెప్పబోయేది డాన్ బ్రౌన్ రాసిన 'ది డావిన్సీ కోడ్' సంగతి. 2025 సెప్టెంబరులో ఆయన కొత్త నవల 'ది సీక్రెట్ ఆఫ్ సీక్రెట్స్' వచ్చింది. నాకు అప్పుడప్పుడూ పని ఇచ్చే ఎడిటరుగారొకాయన ఫోన్ చేసి, "పాతది చదివావుగా, దానిమీదో రెండు పేజీలు రాసిపెట్టవయ్యా" అన్నారు. ఫ్రీలాన్సు జర్నలిస్టుకి రెండు పేజీలంటే రెండు వారాల కూరగాయల ఖర్చు. సరేనన్నాను. తీరా రాయడానికి కూర్చుంటే పుస్తకం నా దగ్గర లేదు. అది పంతొమ్మిదేళ్ళుగా గుణదలలో ఓ ఇంట్లో వుండిపోయింది. మర్చిపోయి వదిలేసింది కాదు. తెచ్చుకోడానికి మొహం చెల్లక వదిలేసింది.

2006లో నేను టెన్తు పాసయ్యాను. మాది బెజవాడ. ఆ వేసవిలో ఏ పేపరు తెరిచినా ఇదే గొడవ. మే 17న కాన్ చిత్రోత్సవంలో మొదటి ఆట పడింది. టామ్ హాంక్స్ హీరో, రాన్ హోవార్డ్ డైరెక్టరు. అక్కడి విమర్శకులు పెదవి విరిచారని రాశారు. మన దేశంలో సెన్సారు వారు 'ఎ' సర్టిఫికెట్టు ఇచ్చి, ఇది కేవలం కల్పితమని తెరమీద ప్రకటన వెయ్యమన్నారు. ఆ ప్రకటన సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దాంతో పనుంది. ఇంత చేసినా క్రైస్తవుల మనసు నొచ్చుకుంటుందని జూన్‌లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమాని నిషేధించింది. అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది.

పదహారేళ్ళ కుర్రాడికి ఇంతకన్నా పెద్ద పబ్లిసిటీ ఏం కావాలి? నిషేధించింది సినిమానే గాని పుస్తకాన్ని కాదు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లముందు గుట్టలు పోసి వుంది. మోనాలిసా కళ్ళు కనబడే ఎర్ర అట్ట. లోపల కాయితం చూస్తే అసలు ముద్రణ కాదని తెలిసిపోతూనే వుంది, అక్షరాలు కొన్నిచోట్ల అలికేసినట్టున్నాయి. నూటఇరవై చెప్పినవాడు ఎనభైకి దిగాడు. నేను చదివిన మొట్టమొదటి ఇంగ్లీషు నవల అదే. తెలుగు మీడియం వాణ్ణి, పక్కన శంకరనారాయణ డిక్షనరీ పెట్టుకుని మొదలుపెట్టాను. యాభై పేజీలు దాటాక డిక్షనరీ ఎక్కడ పెట్టానో కూడా చూసుకోలేదు.

ఆ మాట ఒప్పుకోవాలి. పుస్తకం పరుగెత్తిస్తుంది. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో రాత్రివేళ ఓ పెద్దాయన హత్య. చచ్చిపోయే ముందు ఆయన వొదిలిన గుర్తులు. వాటిని విప్పడానికి అమెరికా ప్రొఫెసరు రాబర్ట్ లాంగ్డన్, హతుడి మనవరాలు సోఫీ. వెనక పోలీసులు, ఆ వెనక పాలిపోయిన మేనితో సైలస్ అనే హంతక సన్యాసి. కథంతా ఒక రాత్రీ మర్నాడూ. నూట అయిదు అధ్యాయాలు, కొన్ని రెండు పేజీలు కూడా వుండవు. ప్రతి అధ్యాయం చివరా వారపత్రిక సీరియల్‌లా ఎవరో తలుపు తట్టడమో, ఎవరి చేతిలోనో పిస్తోలు మెరవడమో. మనం వారం ఆగాల్సిన పనిలేదు గనక పేజీ తిప్పేస్తాం. కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు పెట్టుకున్నాను. అదీ ఆరిపోతే మా అమ్మ దేవుడి గూట్లోంచి కొవ్వొత్తి తీసుకొచ్చాను. రెండు రోజుల్లో అయిపోయింది.

అన్నిటికన్నా నన్ను పట్టేసింది మొదటి పేజీ. కథ మొదలుకాక ముందే ఓ పేజీ వుంది, దానికి 'ఫాక్ట్' అని శీర్షిక. ప్రయరీ ఆఫ్ సియోన్ అనే రహస్య సంఘం 1099లో పుట్టిందనీ, అది నిజంగా వున్న సంస్థేననీ, లియొనార్డో డావిన్సీ, న్యూటన్ వంటివాళ్ళు అందులో సభ్యులని చూపించే పత్రాలు పారిస్ జాతీయ గ్రంథాలయంలో దొరికాయనీ, ఈ నవల్లోని కళాఖండాల, కట్టడాల, పత్రాల, రహస్య కర్మకాండల వర్ణనలన్నీ యథాతథమేననీ ఆ పేజీ సారాంశం. మన సినిమాల్లో తెర లేవగానే 'పాత్రలు, సన్నివేశాలు కేవలం కల్పితం' అని వేస్తారు కదా, పక్కింటి కథే తీసినా సరే! ఇక్కడ తిరగేసి, ఇదంతా నిజం అని వేశారు. నేను నమ్మాను. ఇంగ్లీషులో అచ్చయింది కదా, అబద్ధమెలా అవుతుంది?

ఇప్పుడు గుణదల సంగతి.

నా స్నేహితుడొకడు అక్కడ వుండేవాడు. ఏడో తరగతి నుంచీ ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్ళది కేథలిక్కు కుటుంబం. వాళ్ళ వరండాలో కూర్చుంటే మేరీమాత కొండ ఎదురుగా కనిపిస్తుంది. ఏటా ఫిబ్రవరిలో మూడు రోజులు తిరునాళ్ళు. మా ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళం. మా అమ్మ అక్కడ కొబ్బరికాయా కొట్టేది, కొవ్వొత్తీ వెలిగించేది. బెజవాడలో ఇదేం వింత కాదు. దర్శనం అయ్యాక భోజనం మాత్రం మా వాడి ఇంట్లోనే.

వాడి తాతగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. గూడ్సుబండి చివరి పెట్టెలో లాంతరు వెలుగులో డిటెక్టివు నవలలు చదువుతూ సర్వీసంతా గడిపేశానని చెప్పేవారు. మంచం కింద ట్రంకు పెట్టె నిండా అవే. కొమ్మూరి సాంబశివరావు, టెంపోరావు... డిటెక్టివు యుగంధర్నీ, అసిస్టెంటు రాజునీ నాకు పరిచయం చేసింది ఆయనే. మధుబాబు 'షాడో' నవలలూ వుండేవి గాని, "వీడు డిటెక్టివు కాదురా, హనుమంతుడు. వీడికి ఆధారాలతో పనిలేదు" అని నవ్వేవారు.

ఆయనకో అలవాటుంది. పుస్తకం సగానికొచ్చాక ఆగి, హంతకుడెవరో ఊహించి, వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో రాసేవారు. పేరు, ఏ పేజీ దగ్గర ఊహించిందీ, తారీఖు. పుస్తకం పూర్తయ్యాక దానికింద 'పాసు' అనో 'ఫెయిలు' అనో రాసుకునేవారు. నాకూ ఆ ఆట నేర్పారు. "ఆధారాలన్నీ నీ కళ్ళెదుటే పెట్టాలి. అయినా నీకు కనపడకూడదు. అదీ నవలంటే. ఆఖరి పేజీలో ఎక్కడినుంచో కొత్త మనిషిని తెచ్చి వీడే హంతకుడన్నాడనుకో, అది మోసం" అనేవారు. డిటెక్టివు సాహిత్యం మీద ఇంతకన్నా మంచి పాఠం నేను డిగ్రీ మూడేళ్ళలో వినలేదు.

జూలైలో ఓ ఆదివారం మధ్యాహ్నం డావిన్సీ కోడ్ చంకలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. తాతగారు పడక్కుర్చీలో వున్నారు. నా స్నేహితుడు గుమ్మంలో సైకిలు చెయిను బిగిస్తున్నాడు. వాళ్ళమ్మగారు నాకు టీ తెచ్చి ఇచ్చారు. నేను కూర్చుని కూర్చోగానే మొదలుపెట్టాను.

"తాతగారూ, 325లో నైసియాలో బిషప్పులంతా కూచుని ఓట్లేసుకుని మీ ఏసుప్రభువుని దేవుణ్ణి చేశారట. మీకు తెలుసా?"

"ఎవర్రా చెప్పింది?"

"ఇందులో వుందండీ."

"నవల్లోనా?"

"నవలే గాని ఇది నిజమండీ. మొదటి పేజీ చూడండి. ఫాక్ట్ అని వేశాడు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ చదివారు. ఓ మాటు అట్ట మూసి చూశారు. మళ్ళీ తెరిచారు.

"నవల అట్ట దగ్గరే మొదలవుతుందిరా అబ్బాయ్. ఈ అట్టకీ ఆ అట్టకీ మధ్యన వున్నదంతా నవలే. ఈ పేజీ నవల్లోది కాదని నీకెవరు చెప్పారు?" అన్నారు.

నాకది అర్థం కాలేదు. అర్థం కాకపోతే ఊరుకుంటే పోయేది. "మీకు నిజం వింటే భయం. మీవాళ్ళు సినిమా ఆపించిందీ అందుకే" అన్నాను.

'మీవాళ్ళు' అన్న మాట ఆ ఇంట్లో అంతకు ముందెప్పుడూ నా నోట రాలేదు. అన్న వెంటనే నాకే వినబడింది. వాళ్ళమ్మగారు టీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. మావాడు చెయిను వదిలేసి లేచి, "తాతతో అలాగేనట్రా మాట్లాడేది? ఇంక వెళ్ళు" అన్నాడు. తాతగారు మాత్రం "పోన్లేరా, పుస్తకం వుంచి వెళ్ళమను, నేనూ చదువుతా" అన్నారు. ఆయన ఏ కోపమూ లేకుండానే అన్నారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం వెటకారం అనుకున్నాను. పుస్తకం అరుగుమీద పడేసి వచ్చేశాను.

ఆ ఫిబ్రవరిలో తిరునాళ్ళకి నేను వెళ్ళలేదు. ఇంటరు పరీక్షలు దగ్గరపడ్డాయని ఇంట్లో చెప్పాను. ఆ తర్వాత మావాడూ నేనూ పెళ్ళిళ్ళలో ఎదురుపడ్డాం, ఫోన్ నెంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం, బానేవున్నావా అంటే బానేవున్నా అనుకున్నాం. 2010లో తాతగారు పోయారు. సమాధుల తోట దాకా వెళ్ళి, గేటు దగ్గరే నిలబడి వచ్చేశాను.

నాకు బుద్ధొచ్చింది ఆ మరుసటేడు. డిగ్రీ అయిపోయి ఓ చిన్న పత్రికకి 'వింతలూ విశేషాలూ' లాంటి శీర్షిక రాస్తున్నాను. ఓ వారం సరుకు లేక ప్రయరీ ఆఫ్ సియోన్ గురించి అరపేజీ గిలికి ఇచ్చాను. సబ్ఎడిటరుగారు వెనక్కి పంపి "ఆధారం?" అని ఒక్క ముక్క రాశారు. ఆధారం చూపించడానికి వెతకడం మొదలుపెడితే, కింద నేలే లేదు!

అసలు కథ ఇదీ. ఆ సంఘాన్ని 1956లో ఫ్రాన్సులోని అనెమాస్ అనే ఊళ్ళో పియర్ ప్లాంటార్డ్ అనే ఆయన మరి కొందరితో కలిసి రిజిస్టరు చేయించాడు. పేరు దగ్గర్లోని ఓ కొండది. 1956 అంటే మన ఆంధ్రప్రదేశ్ పుట్టిన ఏడు. మా నాన్న కన్నా మూడేళ్ళు పెద్దదన్నమాట, ఆ తొమ్మిది వందల ఏళ్ళ రహస్య సంఘం! పెట్టిన కొత్తలో వాళ్ళు పట్టించుకున్నది తక్కువ అద్దె ఇళ్ళలో వుండేవాళ్ళ హక్కుల గొడవ. ఏసు వంశమూ లేదు, న్యూటనూ లేడు. ఆ తర్వాత 1960లలో ప్లాంటార్డూ, అతని నేస్తాలూ కలిసి పాత పత్రాల్లా కనబడేవి తయారుచేసి పారిస్ జాతీయ గ్రంథాలయంలో వాళ్ళే జమచేశారు. లియొనార్డో, న్యూటన్, విక్టర్ హ్యూగో సంఘాధిపతులంటూ జాబితా వున్నది అందులోనే. నవల మొదటి పేజీ 'దొరికాయి' అన్నది వీటినే. మనమే గూట్లో పెట్టి మనమే వెతికి తీసినట్టు.

1982లో 'ది హోలీ బ్లడ్ అండ్ ది హోలీ గ్రెయిల్' అనే పుస్తకం ఈ కథనంతా చరిత్ర పేరుతో ప్రపంచానికి పంచింది. దాని రచయితలు ముగ్గురిలో ఇద్దరు, బెయిజెంట్, లే అనేవాళ్ళు, మా సరుకు ఎత్తుకుపోయారంటూ డావిన్సీ కోడ్ ప్రచురణకర్తల మీద లండన్‌లో దావా వేశారు. 2006 ఏప్రిల్లో ఓడిపోయారు. ఆ తీర్పులో జడ్జిగారు అక్కడక్కడా వాలు అక్షరాలు వేసి, ఆయనా ఓ రహస్య సంకేతం దాచారు! అంటువ్యాధి కాబోలు.

ఈ ఇద్దరి పేర్లనీ బ్రౌన్ నవల్లో వాడుకున్న తీరు నాకు నచ్చిన ముచ్చటే. హంతక ముఠాకి అసలు గురువు సర్ లే టీబింగ్. (చెప్పేశాను, క్షమించాలి.) 'లే' ఒకాయన పేరు, 'టీబింగ్' అంటే బెయిజెంట్‌లో అక్షరాలు కలగాపులగం చెయ్యడం. అలాగే బిషప్ అరింగరోసా అని ఒకాయన మొదటినుంచీ అనుమానాస్పదంగా తిరుగుతుంటాడు. ఆ పేరులో ఇటాలియన్ భాషలో 'ఎర్ర హెర్రింగు చేప' అన్న మాట వినిపిస్తుంది. డిటెక్టివు నవలల పరిభాషలో పాఠకుణ్ణి దారి తప్పించే ఎరని అలాగే అంటారు. అంటే, ఈయన్ని అనుమానించకండిరా బాబూ అని పేరులోనే చెప్పేశాడన్నమాట. ఇది తాతగారి లెక్కలో న్యాయమైన ఆట. ఆధారం కళ్ళెదుటే వుంది, కనబడకపోతే మన తప్పు.

మొదటి పేజీ అలాంటిది కాదు. అది ఆట మొదలుకాక ముందే, అంపైరు వేషంలో వచ్చి చెప్పిన మాట.

ఒకటి లాగితే మిగతావీ ఊడొచ్చాయి. లూవ్ర్ ముందున్న గాజు పిరమిడ్‌లో 666 అద్దాలున్నాయంటుంది నవల, సైతాను అంకె గనక. వున్నవి 673. పారిస్‌లోని సెయింట్ సల్పిస్ చర్చిలో ఇత్తడి గీత పూర్వపు అన్యదేవతల గుడి తాలూకు అవశేషమంటుంది. అది ఎండ పడే చోటునిబట్టి రోజులు లెక్కగట్టడానికి పద్దెనిమిదో శతాబ్దంలో ఏర్పాటు చేసింది. జనం నవల పట్టుకుని వచ్చి ప్రశ్నలతో ప్రాణాలు తీస్తుంటే, ఆ చర్చివాళ్ళు అది నిజం కాదని నోటీసు కూడా అంటించారు. సన్యాసి సైలస్‌ని పంపిన ఓపస్ డేయి అనే సంస్థలో అసలు సన్యాసులే వుండరు. నైసియా సభ 325లో జరిగిన మాట నిజం. అక్కడ తర్జనభర్జన పడ్డది తండ్రికీ కుమారుడికీ వున్న సంబంధం ఎలాంటిదన్న విషయం మీద. చివరికి సంతకం పెట్టమన్నది ఇద్దరు బిషప్పులు. నవల్లో టీబింగ్ దొరగారు దాన్ని మునిసిపాలిటీ ఎన్నికలా చేసి, స్వల్ప మెజారిటీ అంటాడు. ఆ మెజారిటీనే నేను వరండాలో తాతగారి మొహాన విసిరింది.

మోనాలిసా పేరుని రహస్య సంకేతమంటాడు. ఈజిప్టు దేవుడు అమోన్, దేవత ఐసిస్ పేర్లు కలిపి అక్షరాలు మారిస్తే వచ్చిందట. ఇటాలియన్‌లో 'మోనా' అంటే అమ్మగారు, లీసా ఆవిడ పేరు. మన లెక్కలో లీసమ్మగారు. అంతే! పైగా లియొనార్డో ఆ బొమ్మకి ఆ పేరు పెట్టనేలేదు. లియొనార్డోని 'డావిన్సీ' అనడం కూడా తప్పని చిత్రకళ తెలిసినవాళ్ళు నవ్వుతారు. విన్సీ ఊరివాడని దానర్థం. మనకి సగం ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే కాబట్టి నాకు ఆ తప్పు తప్పనిపించలేదు గాని, హార్వర్డు ప్రొఫెసరుకి అనిపించాలి కదా.

ఈ ఎడిటరుగారి పని పుణ్యమా అని ఈమధ్య మళ్ళీ చదివాను. ఏ పుస్తకం చదివానన్నది తర్వాత చెబుతాను. ఈసారి మొదటి పేజీ సంగతి తెలిసిపోయింది గనక, మిగతాదైనా ఆ రోజుల్లోలా ఆడిస్తుందేమోనన్న ఆశ వుండింది. పదహారేళ్ళప్పటి ఆ కొవ్వొత్తి రాత్రి ఒకటైనా మిగలకపోతుందా అని. మిగల్లేదు. విమానంలో లాంగ్డన్‌కీ, టీబింగ్‌కీ ఓ వింత లిపిలో రాత కనిపిస్తుంది. ఒకరు ప్రపంచ ప్రసిద్ధ చిహ్నాల పండితుడు, ఇంకొకరు జీవితమంతా ఈ అన్వేషణలోనే గడిపిన చరిత్రకారుడు. ఇద్దరూ తలపట్టుకుని ఇదేదో ప్రాచీన భాష అంటారు. సోఫీ వచ్చి చూసి, ఇది అద్దంలో చదవాల్సిన ఇంగ్లీషండీ అంటుంది. తిప్పి రాయడం లియొనార్డోకి అలవాటని లోకమంతా తెలుసు! బొమ్మల పత్రికల్లో పిల్లల పేజీకి కూడా ఈ పజిలు పనికిరాదు. అప్పుడు నేను 'అబ్బ!' అని పేజీ తిప్పాను కాబోలు. ఇప్పుడు సిగ్గేసింది, వాళ్ళ తరఫున కాదు.

ఆఖరి తాళం న్యూటన్ సమాధి దగ్గర. అక్కడ వుండవలసిన గుండ్రని వస్తువేదో లేదు, దాని పేరు అయిదక్షరాల ఇంగ్లీషు మాట. దీనికోసం పిస్తోళ్ళు, బెదిరింపులు. వంటింట్లో వున్న మా చెల్లెల్ని పిలిచి, "న్యూటన్ అంటే నీకేం గుర్తొస్తుందే?" అని అడిగాను. "ఆపిలు. ఏం, అది కూడా తెలీదా?" అని మళ్ళీ పనిలో పడింది.

సినిమా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. దాన్ని 'ఎ' సర్టిఫికెట్టు మూలాన హాల్లో చూడలేదు, ఆ తర్వాత సీడీలో చూశాను. వెస్ట్‌మినిస్టర్ అబ్బీ వాళ్ళు షూటింగు ఒప్పుకోకపోతే లింకన్ కెథెడ్రల్లో తీశారు. రెండున్నర గంటల సినిమాలో ఇయాన్ మెకెల్లన్ వున్నంతసేపే ప్రాణం వుంది. అయితే ఒక సంగతి. సినిమాలో లాంగ్డన్, టీబింగ్ చెప్పినదానికల్లా తల వూపడు. అది రుజువు కాలేదు, ఇది ఊహ అని అడ్డుపడుతూంటాడు. మన దేశంలో ఆడిన ప్రింటుకైతే కల్పితమని ప్రకటన కూడా తోడయింది. నవల మొదటి పేజీకి ఎదురుగా పెట్టవలసిన పేజీ అదే. మనవాళ్ళు ఆ ప్రకటన వున్నదాన్ని ఆపారు, అది లేనిది లెనిన్ సెంటర్‌లో ఎనభై రూపాయలకి అమ్మించారు.

మళ్ళీ చదివింది ఏ పుస్తకమో చెబుతానన్నాను. కొత్త కాపీ కొనుక్కోవచ్చు. ఫోన్‌లోనూ చదువుకోవచ్చు. అయినా అక్టోబరులో ఓ ఆదివారం మావాడికి ఫోన్ చేశాను. వాడిప్పుడు రైల్వేలోనే చేస్తున్నాడు, తాతగారి ఇంట్లోనే వుంటున్నాడు. "నా పుస్తకం ఒకటి మీ ఇంట్లో వుండిపోయింది, వుందో లేదో" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "వుంది. రా" అన్నాడు.

వరండాలో పడక్కుర్చీ లేదు. కొండ అలాగే వుంది, మధ్యలో రెండు అపార్టుమెంట్లు లేచాయి. మావాడి భార్య టీ ఇచ్చింది. వాళ్ళమ్మగారు వచ్చి "సన్నబడ్డావేంటి బాబూ" అన్నారు. నేను లేచి నిలబడి, ఆ రోజు అన్నమాటకి... అని మొదలుపెట్టాను. ఆవిడకి ఏ రోజో గుర్తులేదు. గుర్తులేనట్టే వున్నారేమో కూడా.

మావాడు ట్రంకు పెట్టె వరండాలోకి లాగాడు. కొమ్మూరి పుస్తకాల కింద ఎర్ర అట్ట కనిపించింది. అతుకు వూడి రెండు ముక్కలైతే ఎవరో దారంతో కుట్టారు. "తాత కుట్టాడు" అన్నాడు మావాడు.

మొదటి పేజీ తెరిచాను. అక్కడ పెన్సిలు గీత కూడా లేదు. లోపల కష్టమైన మాటల కింద మాత్రం అక్కడక్కడా తెలుగు అర్థాలు రాసివున్నాయి. ఇంగ్లీషు బాగానే వచ్చిన మనిషి, అవి తన కోసం రాసుకున్నవి కావు. వెనక అట్ట తిప్పాను. ఆ దస్తూరీ నాకు తెలుసు.

'బిషప్పు. 208వ పేజీ. 3-12-2006.'

దానికింద, గట్టిగా నొక్కి, 'ఫెయిలు.'

నేను నవ్వాను. మావాడు నా భుజం మీదుగా వంగి చదివి వాడూ నవ్వాడు. "ఆదివారం పూజకి తప్పకుండా వెళ్ళే మనిషి, పట్టుకుని పట్టుకుని బిషప్పునే పట్టుకున్నాడు చూడరా" అన్నాడు. కాసేపాగి, "ఆ ఏడు తిరునాళ్ళకి నువ్వొస్తావని పుస్తకం వరండాలో పెట్టుకు కూచున్నాడు. ఆ టీబింగుని నువ్వు ఏ పేజీలో పట్టావో కనుక్కోవాలన్నాడు" అన్నాడు.

పట్టలేదని చెప్పాను.

"పుస్తకం తీసుకెళ్ళు, నీదేగా."

వారం రోజులుంచుకుని చదివి, మళ్ళీ తీసుకెళ్ళి ఆ పెట్టెలోనే పెట్టి వచ్చాను.